నోట్లో నిప్పు

బార్బరా ఎరెన్‌రైక్ 2022 సెప్టెంబరు 1న మరణించింది. ఆ వార్త చదివిన రాత్రి అల్మారాలో వెతికి ‘నికెల్ అండ్ డైమ్డ్’ బయటికి తీశాను. 2001లో, అచ్చయిన కొత్తలో కొన్న ప్రతి. అప్పటికి నేను తూర్పు కెంటకీ కొండల్లోని ఒక చిన్న ఊరికి వచ్చి ఎంతో కాలం కాలేదు. జె-1 వీసా మీద వచ్చి ఇక్కడ శిక్షణ పొందిన మాబోటి వైద్యులు ఈ దేశంలో ఉండిపోవాలంటే, డాక్టర్లు చాలని ప్రాంతాల్లో మూడేళ్లు పనిచెయ్యడం ఒక దారి. ఆ మూడేళ్ల కోసం వచ్చినవాణ్ణి, ఇరవయ్యేళ్లు దాటినా ఇక్కడే ఉన్నాను.

పుస్తకం చూడనివారికి రెండు మాటలు. ఎరెన్‌రైక్ జీవశాస్త్రంలో డాక్టరేట్ చేసి, దాన్ని వదిలి రచనలోకి వచ్చిన మనిషి. ఈ దేశంలో అట్టడుగు జీతాలతో ఒక మనిషి బతకగలదా అన్న ప్రశ్న వేసుకుని, 1998 మొదలు రెండేళ్లలో మూడు ఊళ్లలో ఆ జీతాలకే పనిచేసి చూసింది. ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో హోటల్ వెయిట్రెస్‌గా, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఇళ్లు తుడిచే పనిమనిషిగా, వారాంతాల్లో ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌లో భోజనాలు అందించే మనిషిగా, మినియాపొలిస్‌లో వాల్‌మార్ట్ దుకాణంలో బట్టలు సర్దే మనిషిగా. అద్దె కట్టి, తిండి తిని, నెల గడపడం సాధ్యమా? దాదాపు అసాధ్యమని తేలింది. అదీ ఒంటరిగా, ఆరోగ్యంగా, కారుతో సహా రంగంలోకి దిగిన మనిషికి.

నా ప్రతిలో పెన్సిలు గీతలున్నాయి. గంటకు 2 డాలర్ల 43 సెంట్లు, పైన టిప్పులు అన్నచోట గీత. అద్దెల దగ్గర గీతలు. ఒక పేజీలో మాత్రం గీత లేదు. ఊపిరితిత్తుల వైద్యుడినైన నేను అందరికన్నా ముందు ఆగవలసిన పేజీ అది.

కీ వెస్ట్‌లో ఆమె చేరిన రెండో హోటల్ గురించిన వర్ణన. పనివాళ్లు కూర్చునే గది అంటూ అక్కడ లేదు, కూర్చునే వ్యవధే లేదు కనుక. మరుగుదొడ్డి పక్కన ఓ బల్ల, మూడు మడత కుర్చీలు, ఏష్‌ట్రేలు. వాటిలో సిగరెట్లు అఖండదీపాల్లా వెలుగుతూనే ఉంటాయి. ఒక్కొక్కతె ఆర్డరుకీ ఆర్డరుకీ మధ్య పరుగున వచ్చి ఒక్క దమ్ము లాగి, సిగరెట్టు అక్కడే వదిలి పోతుంది. మళ్లీ వెలిగించుకోవడానికి పట్టే క్షణాలు కూడా వృథా కాకుండా ఆ ఏర్పాటు. ఇంతమంది ఎందుకు కాలుస్తారని ఎరెన్‌రైక్ తనను తాను అడుగుకుని ఒక సమాధానం చెప్పుకుంది. నా మాటల్లో చెప్పాలంటే: ఈ మనుషుల రోజులో ప్రతి కదలికా మరొకరి కోసం, ఆ పొగ ఒక్కటీ తమ కోసం. పొగాకు వ్యతిరేక ప్రచారకులకు ఈ సంగతి ఎందుకు తలకెక్కదో అని కూడా అక్కడే ఒక చురక అంటించింది. 2001లో ఆ చురక నాకు తగలలేదు.

మళ్లీ చదివిన రాత్రి తగలడానికి కారణం ఒక పేషెంటు. (గుర్తుపట్టడానికి వీలైన వివరాలు మార్చాను.) యాభై నాలుగేళ్ల మనిషి. నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ సహాయకురాలు. వృద్ధులను పక్కలు మార్పించడం, శుభ్రం చెయ్యడం, రాత్రి అరిచేవాళ్ల మంచాల పక్కన నిలబడటం ఆమె పని. కూతురు మాదకద్రవ్యాల వలలో పడి ఇల్లు వదిలి పోయింది, ఆ కూతురి పిల్లలిద్దరూ ఈమె దగ్గరే. ఈ కొండల్లో ఇది అరుదైన సంసారమేమీ కాదు, నా వెయిటింగ్ రూములో ఏ రోజు చూసినా ఇలాంటి అమ్మమ్మలు ఒకరిద్దరు ఉంటారు. రోజుకొక ప్యాకెట్టు, ముప్పై ఆరేళ్లుగా. సీఓపీడీ మొదలయింది.

నేను మామూలుగా చెప్పేవన్నీ చెప్పాను. నికొటిన్ పట్టీలు రాశాను. మందు రాశాను. ఊపిరితిత్తుల బొమ్మ చూపించాను. చివర్లో, “మీరు పోతే ఆ పిల్లలకి ఎవరు దిక్కు?” అన్నాను. ఈ మాట పనిచేస్తుందని నాకు గట్టి నమ్మకం. చాలామంది దగ్గర వాడాను. ఆమె తల వంచుకుని విన్నది. వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి, “పనిలో ఏడు నిమిషాలు దొరుకుతాయి డాక్టర్, కారులో కూర్చుంటాను, అప్పుడొక్కటే ఎవరూ నా పేరు పెట్టి పిలవరు” అంది. ఆ వాక్యాన్ని నేను రికార్డులో ఎక్కించలేదు. ఎక్కించడానికి గడి లేదు. ‘మానడానికి సంసిద్ధత: మధ్యస్థం’ అన్న గడిలో టిక్కు పెట్టాను.

తర్వాత పదహారు నెలలు ఆమె రాలేదు.

*

ఎరెన్‌రైక్ తర్వాత అదే వారంలో మరో పుస్తకం తిరగేశాను: అలన్ బ్రాంట్ ‘ది సిగరెట్ సెంచరీ’, 2007. బ్రాంట్ హార్వర్డ్‌లో వైద్యచరిత్ర చెప్పే ఆచార్యుడు. లావుపాటి పుస్తకం, అక్కడక్కడ కోర్టు కాగితాల బరువు ఎక్కువ. అయినా అమెరికాలో సిగరెట్టు కథ ఒక్కచోట తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి పుస్తకం నాకు కనిపించలేదు. ఆడవాళ్లు సిగరెట్టు ఎలా పట్టారన్నది అందులో ఒక ప్రధానమైన పాయ.

1908లో న్యూయార్క్ నగరంలో ఆడవాళ్లు బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకుండా ఒక ఆర్డినెన్సు వచ్చింది. దానికింద కేటీ మల్కేహీ అనే అమ్మాయిని అరెస్టు చేసి 5 డాలర్లు జరిమానా వేశారు. మేయరు ఆ ఆర్డినెన్సును చెల్లదన్నాడు, అది వేరే సంగతి. ఇరవై ఒక్క సంవత్సరాల తర్వాత అదే నగరంలో, 1929 ఈస్టర్ ఆదివారం నాడు, ఫిఫ్త్ అవెన్యూ మీద చక్కగా ముస్తాబైన యువతులు సిగరెట్లు వెలిగించి నడిచారు. పత్రికలకు అవి ‘స్వాతంత్ర్యపు కాగడాలు’. ఆ ఊరేగింపును తెర వెనక నుంచి నడిపినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్, సిగ్మండ్ ఫ్రాయిడ్ మేనల్లుడు. లకీ స్ట్రైక్ సిగరెట్ల అమెరికన్ టొబాకో కంపెనీ సొమ్ముతో ఆ పని చేశాడు. సిగరెట్టు ఆడదానికి దేనికి సంకేతమో ఒక మనోవిశ్లేషకుణ్ణి అడిగి, డబ్బిచ్చి మరీ తెలుసుకున్నాడు. స్త్రీకి ఓటు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఆ తాజా ఆకాంక్షను ఒక సరుకు చివర అంటించి వెలిగించడం బెర్నేస్ చేసిన పని.

1968లో వర్జీనియా స్లిమ్స్ వచ్చింది. ఆడవాళ్ల కోసమే, సన్నగా. మీ నాయనమ్మలు చాటుగా కాల్చేవారు, మీరు ఎంత దూరం వచ్చారో చూడండి అన్నది ప్రకటనల సారాంశం. మహిళల టెన్నిస్ పోటీలు ఆ పేరు మీదే జరిగాయి. మగ ఆటగాళ్లతో సమానమైన డబ్బు కోసం బిల్లీ జీన్ కింగ్ వంటివాళ్లు పోరాడుతున్న కాలంలో, వారికి చెయ్యందించింది ఒక సిగరెట్టు కంపెనీ. ఈ భాగం చదువుతుంటే కోపం కన్నా దిగులు కలుగుతుంది. ఆ ఆటగత్తెల పోరాటం నిజం. దానికి డబ్బు పెట్టడానికి అప్పుడు వేరెవరూ ముందుకు రాలేదన్నదీ నిజం.

1987 వచ్చేసరికి ఈ దేశంలో ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించే స్త్రీల సంఖ్య రొమ్ము కాన్సరుతో మరణించే వారి సంఖ్యను దాటింది. ఈనాటికీ అంతే. 

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ తర్వాతి ఘట్టం. 1990లో ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ ‘డకోటా’ అనే కొత్త సిగరెట్టుకు వేసుకున్న పథకం పత్రికలకు పొక్కింది. అందులో వాళ్లు కోరుకున్న కొనుగోలుదారు చిత్రపటం గీసి ఉంది: పద్దెనిమిది నుంచి ఇరవయ్యేళ్ల తెల్లమ్మాయి. హైస్కూలు దాటి చదవలేదు. ఫ్యాక్టరీలోనో దుకాణంలోనో తొలిమెట్టు ఉద్యోగం. సాయంత్రాలు స్నేహితుడితో కార్ల పందేలకీ ట్రాక్టర్ల పోటీలకీ పోతుంది. ఫిఫ్త్ అవెన్యూ లేదు, టెన్నిస్ లేదు, స్వాతంత్ర్యం ఊసు లేదు. గొడవ జరిగింది, ఆ సరుకు అంగట్లో నిలవలేదు. కాని ఆ కాగితం రాసినవాడికి తెలిసిన సంగతి ఒకటుంది. కలిగినవాళ్లు, చదువుకున్నవాళ్లు సిగరెట్టును దించి వెళ్లిపోతున్నారు. ఇకమీదట ఇది మిగిలిపోయేది ఎవరి చేతుల్లోనో అతను ముందే లెక్క కట్టాడు. మేము కట్టలేదు.

1965లో అమెరికాలో పెద్దవయసు స్త్రీలలో మూడోవంతుమంది కాల్చేవారు. 2021కి అది నూటికి పదికి దిగింది. వైద్యసభల్లో ఈ గీతను తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకుంటాం. అదే 2021 లెక్కల్లో, స్త్రీపురుషులను కలిపి, చదువును బట్టి విడదీస్తే, పోస్టుగ్రాడ్యుయేట్లలో నూటికి ముగ్గురు. హైస్కూలు మధ్యలో ఆపి తర్వాత జీఈడీ పరీక్షతో సరిపెట్టుకున్నవాళ్లలో నూటికి ముప్పై మంది. మొదటి వరసలో నేనూ, నా ఇంటికి శనివారం భోజనానికి వచ్చే తెలుగు మిత్రులూ ఉన్నాం. రెండో వరస నా వెయిటింగ్ రూములో కూర్చుని ఉంటుంది.

పైగా ఆమెకు పొగాకు కొత్తగా వచ్చింది కాదు. నాన్న బర్లీ పొగాకు రైతు. పదేళ్ల వయసులో కొట్టంలో కూర్చుని ఆకు ఒలిచేదట. ఆ సంగతి చెబుతూ ఆమె ‘బార్న్’ అన్నప్పుడు నాకు గుంటూరు జిల్లా ‘బ్యారన్’ వినిపించింది. అక్కడ వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడి పెట్టి కాలుస్తారు, ఇక్కడ బర్లీని కర్రలకు గుచ్చి వేలాడదీసి గాలికి ఆరబెడతారు. రెండు చోట్లా ఆకు ఒలిచేదీ, తరాలుగా విడదీసేదీ ఎక్కువగా ఆడవాళ్ల చేతులే. 2004లో ఫెడరల్ ప్రభుత్వం పొగాకు కోటాలను ఎత్తివేసి, రైతులకు పరిహారం చెల్లించే చట్టం తెచ్చాక వాళ్ల నాన్న పంట మానేశాడు. భూమి వెళ్లింది, కొట్టం కూలింది. ప్యాకెట్టు మిగిలింది. 2018లో కెంటకీ ప్యాకెట్టు మీద పన్నును 60 సెంట్ల నుంచి 1 డాలరు 10 సెంట్లకు పెంచినప్పుడు నేను సంతోషించాను. పన్ను పెంచితే పొగ తగ్గుతుందని మా శాస్త్రం చెబుతుంది, అది నిజమే కూడా. ఆమె మాత్రం మానలేదు, చవకరకానికి మారింది. ఆరోగ్య బీమాలో పొగతాగేవారి దగ్గర యాభై శాతం దాకా ఎక్కువ ప్రీమియం వసూలు చెయ్యడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆమె ఫారంలో ‘తాగను’ అని రాసింది. అబద్ధం చెప్పిందని అనుకోవాలో, ఆ డబ్బు ఇద్దరు పిల్లల చెప్పులకు పనికొచ్చిందని అనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

*

ఇక్కడ నేను మా ఊరికి వెళ్లాలి. కారులో ఏడు నిమిషాలు అన్న మాట విన్నప్పుడు వినిపించుకోకపోవడం నాకు అది మొదటిసారి కాదు.

మాది శ్రీకాకుళం జిల్లా. మా ఇంటి కంబారి భార్యను నేను అప్ప అని పిలిచేవాణ్ణి. మా అమ్మకు నా తర్వాత వెంటనే మరో బిడ్డ పుట్టడంతో నన్ను ఎత్తుకు తిప్పింది ఆవిడే. ఒక చంకలో నేను, తల మీద గడ్డిమోపు, నోట్లో చుట్ట. వెలిగించిన కొస నోటి లోపలికి, చల్లటి కొస బయటికి. దాన్ని మా వైపు అడ్డపొగ అంటారు. తెలియనివాళ్లకు ఇది గారడీలా ఉంటుంది. మాకు అది రోజూ చూసే సంగతి. మా మామ్మ కూడా చీకటిపడ్డాక పెరట్లో రోటి మీద కూర్చుని అడ్డపొగ పీల్చేది. నిప్పు లోపల ఉంటుంది కనుక చీకట్లో వెలుగు కనబడదు, పెద్దల కంటపడదు. మామ్మది చాటు. అప్పకు చాటు అక్కర్లేదు, ఆమెను చూసేవాళ్లూ అడిగేవాళ్లూ లేరు.

భారతదేశంలో స్త్రీలు పొగ తాగడం చాలా తక్కువ. 2016-17 జాతీయ సర్వే ప్రకారం నూటికి ఇద్దరు. ఉత్తరాంధ్ర తీరం దీనికి పాత మినహాయింపు. జాలారి పల్లెల్లో, పొలం పనులు చేసే ఇళ్లలో, అడ్డపొగ మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లో, పనామాలో, కొలంబియాలో, సార్డీనియాలో కూడా ఈ అలవాటు ఉండేది. మన గురజాడ గిరీశం చేత చుట్టను పొగుడుతూ వెంకటేశానికి పద్యం చెప్పించాడు. ఆ పద్యం లేని తెలుగు హాస్యం లేదు. గిరీశం చుట్ట విలాసం, చదువుకున్నవాడి దర్జా. అదే సీమలో, అదే కాలంలో, నిప్పు నోట్లో పెట్టుకుని నాట్లు వేసిన ఆడవాళ్ల మీద పద్యాలు చెప్పిన గిరీశాలు నాకు తారసపడలేదు.

వైద్యకళాశాలలో రెండో సంవత్సరంలో ఉండగా సెలవులకు ఇంటికి వెళ్లాను. పాథాలజీ కొత్తగా నెత్తికెక్కిన రోజులు. అంగిలి కాన్సరు ప్రపంచంలో చాలా అరుదనీ, మా ప్రాంతంలో మాత్రం అడ్డపొగ వల్ల తరచు కనిపిస్తుందనీ తరగతిలో విన్నాను. అప్పను వాకిట్లో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. టార్చిలైటు వేసి చూశాను. అంగిలి తెల్లగా మందంగా ఉంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. పుస్తకంలో బొమ్మలాగే ఉంది. చుట్టూ నలుగురు నిలబడి ఉండగా, నా కొత్త చదువంతా ఆమె మీద కుమ్మరించాను. ఇంత వయసొచ్చి సిగ్గు లేదా అని కూడా అన్నాను. ఆమె నవ్వి, “డాట్రుబాబు అయిపోనావు” అంది. ఎందుకలా లోపలికి పెట్టుకుంటావని గద్దిస్తే చెప్పింది:

“సేతులు రెండూ పన్లో ఉంతాయి బాబూ. సంకలో గుంటడు ఉంతాడు. సుట్ట బయట పెడితే నుసి ఆడి మీద పడిపోద్ది. వానొస్తే ఆరిపోద్ది. లోపలెడితే ఏ గొడవా లేదు. మరి ఆగి కాల్సుకోమంటే ఎవులు ఆగనిస్తారు?”

ఆ గుంటడు నేనే. నా మీద నుసి పడకూడదని ఆమె నిప్పు లోపల పెట్టుకున్న సంవత్సరాలు కొన్ని ఉన్నాయి. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. ఎందుకు తట్టలేదో ఇప్పుడు ఊహించగలను. జవాబు నేను అడిగిన ప్రశ్నలో ఇమడలేదు.

తర్వాత ఆమె నాకు నోరు చూపించలేదు. సెలవులకు వచ్చినప్పుడల్లా పలకరించేది, చేతిలో చుట్ట ఉంటే చాటు చేసేది. నాలుగేళ్లకు అంగిలిలో పుండు ముదిరి, ముక్కులోకి పాకాక, వాళ్లబ్బాయి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అప్పటికి చెయ్యడానికి ఏమీ లేదు.

అమెరికా వచ్చాక, రెసిడెన్సీ రోజుల్లో, లైబ్రరీలో 1971 నాటి ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్’ సంపుటం ఒకటి చేతికి తగిలింది. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మన మెహతా, ఇతరులు కలిసి రాసిన వ్యాసం: ఆంధ్రప్రదేశ్‌లో అడ్డపొగ, 10,169 మంది గ్రామీణుల అంగిళ్ల పరీక్ష. పరీక్షించింది మా జిల్లాలోనే, ఇంటింటికీ తిరిగి. ఆ పదివేల నూట అరవై తొమ్మిది మందిలో ఆవిడ ఉందో లేదో తెలుసుకునే మార్గం లేదు. ఆ పట్టికలను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆ పరిశోధకులను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వాళ్లు లెక్కపెట్టి ఊరుకోలేదు. శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో ముప్పై ఆరువేల మంది పొగాకు వాడేవాళ్ల దగ్గరికి ఏటేటా వెళ్లి, సినిమాలు చూపించి, ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడి, అలవాటు మాన్పించే ప్రయత్నం చేశారు. ఫలితాలు 1986లో ‘లాన్సెట్’లో వచ్చాయి. కొందరు మానారు, ఇంకా కొందరు తగ్గించారు, నోటిలో తెల్లమచ్చలు పుట్టడం తగ్గింది. మాటకు శక్తి లేదని నేను అనను. ఏటేటా తిరిగి వెళ్లి కూర్చుని చెప్పిన మాటకూ, వాకిట్లో నలుగురి ముందు టార్చిలైటు వేసి చెప్పిన మాటకూ తేడా ఉందంటున్నాను.

*

ఎరెన్‌రైక్‌తో నాకు ఒక పేచీ ఉంది. ఆమె ఆ పేజీలో సిగరెట్టును ధిక్కారంగా, తనను తాను సాకుకోవడంగా చూసింది. జీవశాస్త్రం చదివిన మనిషికి తెలియని సంగతి కాదు: కాల్చిన సిగరెట్టు తెచ్చే నెమ్మదిలో సగం, అంతకు ముందు కాల్చిన సిగరెట్టు పుట్టించిన ఆరాటం తీరడమే. అప్పు ఇచ్చినవాడే వచ్చి వడ్డీలో కాస్త తగ్గిస్తే కలిగే ఊరట అది. పేదరాలి ఏకైక సుఖం అని మనం దాన్ని అందంగా రాసుకోవచ్చు. దాని శవపరీక్ష నివేదికలు మాత్రం అందంగా ఉండవు. బ్రిటన్‌లో పసిపిల్లల తల్లుల మీద హిలరీ గ్రాహం చేసిన పరిశోధనలు, ముఖ్యంగా 1993లో వచ్చిన ‘వెన్ లైఫ్స్ ఎ డ్రాగ్’, ఈ ముడిని ఇంకొంచెం ఓపిగ్గా విప్పుతాయి. చాలీచాలని డబ్బుతో బిడ్డల్ని పెంచే తల్లులు తిండి తగ్గించుకుంటారు, బట్టలు మానుకుంటారు, సిగరెట్టు మాత్రం వదులుకోరు. పిల్లలకూ తమకూ మధ్య ఐదు నిమిషాల గోడ కట్టుకోవడానికి అది వాళ్లకు దొరికిన ఇటుక. ఆ ఇటుక విషమన్నదీ నిజం, గోడ అవసరమన్నదీ నిజం. మేము ఇటుక లాక్కుంటాం. గోడ గురించి అడగం.

అడగడం ఎంత తేలికో తర్వాత తెలిసింది. పని మధ్యలో విరామం ఇచ్చి తీరాలని ఈ దేశపు ఫెడరల్ చట్టంలో లేదు. కెంటకీ చట్టంలో ఉంది: ప్రతి నాలుగు గంటలకు కనీసం పది నిమిషాలు, జీతం కోయకుండా. ఈ సంగతి ఇన్నేళ్లు ఇక్కడ వైద్యం చేసిన నాకు తెలియదు. నా పేషెంట్లలో చాలామందికి తెలియదు. తెలిసినా, ముప్పై మంది వృద్ధులకు ఇద్దరు సహాయకులున్న రాత్రి ఎవరు ఎవరిని వదిలి వెళ్తారు? ఆమె పనిచేసే చోట ఒక అలిఖిత మర్యాద ఉందట. పొగతాగేవాళ్లు బయటికి వెళ్తే ఎవరూ ఏమీ అనరు, పాపం అలవాటు అని ఊరుకుంటారు. పొగతాగనివాళ్లు ఊరికే వెళ్లి కూర్చుంటే బద్ధకం అంటారు. ఇరవై రెండేళ్ల పిల్లలు ఉద్యోగంలో చేరిన మూడో నెలలో సిగరెట్టు మొదలుపెట్టడం తను కళ్లారా చూశానంది.

ఇదంతా ఆమె చెప్పింది పదహారు నెలల తర్వాత వచ్చినప్పుడు. దగ్గులో రక్తం పడుతోంది. కుడి ఊపిరితిత్తి పై భాగంలో గడ్డ, ఛాతీ మధ్యలో గ్రంథులకు పాకింది. మూడో దశ. యాభై ఏళ్లు దాటి, ఇరవై ప్యాక్-ఇయర్లకు పైగా కాల్చినవారికి ఏటా సీటీ స్కాను తీయాలని 2021 నుంచి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పదహారు నెలల్లో ఒక్కసారి వచ్చినా స్కాను రాసేవాణ్ణి.

“ఎందుకు రాలేదు?” అని అడిగాను.

“మానలేదు కదా డాక్టర్. మానకుండా మీ ముందుకు ఏ ముఖంతో రావాలి?” అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నా ఎదుట తలెత్తుకుని నిలబడాలంటే ముందు మానాలని నేనే నేర్పాను, ఆమె దాన్ని పాటించింది.

కీమో, రేడియేషన్ కోసం రెండున్నర గంటల దూరం లెక్సింగ్టన్ వెళ్లి వచ్చింది, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. చట్టం పన్నెండు వారాల సెలవు ఇస్తుంది, జీతం ఇవ్వదు. బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంది కనుక చికిత్స అయిన నెలకే మళ్లీ రాత్రి డ్యూటీలో చేరింది. ఆమె యాజమాన్యానికి నేను ఒక ఉత్తరం రాశాను: వైద్యకారణాల రీత్యా ఈమెకు ప్రతి నాలుగు గంటలకు పది నిమిషాల విశ్రాంతి తప్పనిసరి, పొగతో నిమిత్తం లేదు. చట్టంలో ఇప్పటికే ఉన్నదాన్ని ప్రిస్క్రిప్షన్ కాగితం మీద రాసి సంతకం పెట్టడం కొంచెం హాస్యంగానే అనిపించింది. దాన్ని వాళ్లు మన్నించారు. ఆ తర్వాత ఇంకొందరికి రాశాను. ‘మానడానికి సంసిద్ధత’ గడి పక్కన ఖాళీ ఉంటుంది, అక్కడ ఇప్పుడు ఒక ప్రశ్న చేర్చుకున్నాను: మీరు రోజులో ఎప్పుడు కూర్చుంటారు? కొందరు నవ్వుతారు. ఒకావిడ ఏడ్చింది.

పోయిన నెల ఆమె వచ్చింది. స్కానులో ప్రస్తుతానికి ఏమీ లేదు. జుట్టు మళ్లీ వచ్చింది. పెద్ద మనవడు డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడట, వాడి పక్కన కూర్చోవడం కాన్సరుకన్నా భయంగా ఉందంది.

“కారులో కూర్చుంటున్నారా?”

“కూర్చుంటున్నాను. ఇప్పుడు పది నిమిషాలు.”

“సిగరెట్టు?”

కాసేపు నన్ను చూసింది. “కొన్ని రాత్రులు లేదు. కొన్ని రాత్రులు ఉంది.”

అలాగే రాసుకున్నాను. మూడు నెలలకు మళ్లీ రమ్మన్నాను, మానినా మానకపోయినా రమ్మన్నాను. వస్తానంది.

ఆమె వెళ్లాక, మధ్యాహ్నం భోజనం వేళ, ఆసుపత్రి వెనక కార్లు నిలిపే చోటికి దిగి నా కారులో కూర్చున్నాను. అద్దం దించి, ఏ పనీ లేకుండా. ఏడు నిమిషాలు ఎంతసేపో చూద్దామని. నాలుగో నిమిషంలో ఫోను మోగింది.